రేడియోకి కళ్ళుండవు

నేజోన్ మోకాళ్ళ మీద వంగి, కుర్చీల కాళ్ళకు టెన్నిస్ బంతులు తొడుగుతోంది. కుర్చీ జరిపినప్పుడు నేల కీచుమనకుండా ఈ బళ్ళో చేసుకున్న ఏర్పాటది. రోజూ సాయంత్రానికి కొన్ని ఊడి మూలలకు దొర్లిపోతాయి. పిల్లలు రాకముందే వాటిని వెతికి తొడగడం ఆమె ఉద్యోగంలో భాగం కాదు. అలాగని ఎవరూ వద్దనలేదు.

అరవైకి దగ్గర పడిన మనిషి. పిక్కల దాకా జారే పువ్వుల గౌను, మెడలో బడివాళ్ళు ఇచ్చిన గుర్తింపు కార్డు, కొప్పులో చిన్న చిన్న గవ్వలతో అల్లిన పువ్వు. కుడిచేతి నడిమి వేళ్ళు రెండూ పూర్తిగా చాచుకోవు. అమెరికాలోని ఈ స్ప్రింగ్‌డేల్‌ ఊరికి వచ్చిన కొత్తలో కోళ్ళ ఫ్యాక్టరీలో రెక్కలు కోసిన కాలమంతా ఆ రెండు వేళ్ళలో వంకరగా ఉండిపోయింది. బంతులు తొడగడానికి మాత్రం ఆ వంకర బాగా పనికొస్తుంది.

ఇంగ్లీషు రాని పిల్లల పక్కన కూర్చోవడం ఆమె పని. భాష రాదని ఏ బిడ్డనూ వెనక బెంచీలో వదిలెయ్యకూడదని రాష్ట్రం రూలు. ఏటా పరీక్ష పెట్టాలి, మెట్టు మెట్టుగా పైకి ఎక్కించాలి. అట్టడుగు మెట్టు మీద పిల్లలున్నంత కాలమే ఆ బడికి నేజోన్ లాంటి మనిషిని ఇస్తారు. పిల్లలు పైకి ఎక్కితే ఆమె దిగిపోవాలి. ఎవరో తీరిగ్గా కూర్చుని రాసిన రూలు, తప్పు పట్టడానికి లేదు.

ఈ ఏడు అట్టడుగున మిగిలింది ఒక్కతే, ఎమ్లీనా. ఏడేళ్ళ పిల్ల. పసిఫిక్ సముద్రంలోని మార్షల్ దీవుల నుంచి అమ్మమ్మతో వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి బళ్ళో ఒక్క ఇంగ్లీషు మాట పలకలేదు. కిందటేడు పరీక్షలో సున్నా వచ్చింది. ఇవాళ మళ్ళీ సున్నా వస్తే, బుర్ర ఎదగని పిల్లల కోసం ఊరి అవతల పెట్టిన ప్రత్యేక తరగతికి పంపేస్తారు. దాని వెంట నేజోన్‌నీ పంపుతారు. పిల్ల మాట్లాడితే ఇక్కడే ఉంటుంది. అప్పుడు నేజోన్‌కి ఉద్యోగం ఉండదు.

ఈ సంగతి అందరికన్నా ముందు బడి వంటగదిలో పనిచేసే హెర్లీకి తెలిసింది. మార్షల్ దీవుల్లో ఇద్దరిదీ ఒకే దీవి. వడ్డించే కిటికీలోంచి తల బయటపెట్టి, కొబ్బరి కోరులో దొర్లించిన అన్నం ముద్ద నేజోన్ చేతిలో పెట్టింది.

"ఏం వదినా, నీ కడుపు నువ్వే కొట్టుకునే ముహూర్తం ఇవాళేనా?"

"అది నోరు తెరిస్తే ఇవాళే."

"తెరవకుండా చూసుకోరాదూ! ఏదో ఒక మంత్రం వెయ్యి."

"మంత్రమెందుకే? నీ అన్నం ముద్ద ఒకటి పెడితే చాలదూ, సాయంత్రం దాకా పళ్ళు విడిపడవు."

"అవునమ్మా, ముసలి పళ్ళకి నా ముద్దే దొరికింది," అని హెర్లీ కిటికీ మూసేసింది. మూసేముందు ఇంకో ముద్ద ఇచ్చింది. "ఇది పిల్లకి. పరీక్షయ్యాకే పెట్టు."

కిందటేడు సున్నా రావడంలో నేజోన్ చెయ్యి కూడా ఉంది. చెయ్యి అనడం కన్నా కనుబొమలు అనడం సబబు. మార్షల్ దీవుల్లో అవునని చెప్పడానికి ఎవరూ నోరు నొప్పి చేసుకోరు, కనుబొమలు పైకెత్తుతారు. పెద్దవాళ్ళు అడిగినదానికి పిల్లలు గడగడా బదులు చెప్పడం పొగరు కింద లెక్క. పరీక్ష కంప్యూటర్లో ఉంటుంది. చెవులకు హెడ్‌ఫోన్లు, నోటి ముందు మైకు. బొమ్మలో కుక్క కనిపిస్తోందా అని అడిగింది యంత్రం. ఎమ్లీనా కనుబొమలు ఎత్తింది. అదేం చేస్తోందని యంత్రం అడిగింది. ఎమ్లీనా నవ్వి, ఇంకాస్త పైకెత్తింది. పరుగెడుతోందిగా, నీకూ కనిపిస్తోందిగా అని. పక్కనే కాపలా కూర్చున్న నేజోన్ ప్రతి జవాబుకూ తనూ కనుబొమలు ఎత్తి మురిసిపోయింది. "పిల్ల ఒక్కటీ వదల్లేదు," అని డార్లా టీచరుకి సంబరంగా చెప్పింది కూడా.

సున్నా వచ్చాక తలపట్టుకుని ఆలోచించి, అసలు సంగతి పట్టుకున్నది డార్లాయే. ఇక్కడే, ఈ ఆర్కన్సా రాష్ట్రంలోనే పుట్టి పెరిగిన మనిషి, కోడి పిల్లల్ని పెంచినంత ఓపికగా పిల్లల్ని చూసుకుంటుంది.

"నేజోన్, ఆ మైక్రోఫోనుకి కళ్ళు లేవు కదండీ!"

ఆ మాట నేజోన్‌కి కొత్త కాదు. అచ్చం అదే మాట ఆమె చిన్నప్పుడు రోజూ విన్నది.

ఆమె తండ్రి లాజువోన్, తమ మెజిత్ దీవిలో రేడియో మనిషి. కొబ్బరాకుల పాకలో ఒక ఇనప పెట్టె, దాని మీద ఒక మైకు. పడవ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. రాజధానికి వెళ్ళిన పిల్లల సంగతి తెలియాలంటే ఆ పెట్టె ఒక్కటే దిక్కు. తల్లులు స్నానం చేసి, తలలో పువ్వు పెట్టుకుని మరీ వచ్చేవారు. గరగరల మధ్యలోంచి, కనుచూపు ఆననంత సముద్రం అవతలి నుంచి కూతురి గొంతు వచ్చేది. "అమ్మా, బాగున్నావా?" తల్లి కళ్ళనీళ్ళతో కనుబొమలు ఎత్తేది. అవతల గొంతు "అమ్మా? అమ్మా?" అని వెతుక్కునేది. అప్పుడు లాజువోన్ కసిరేవాడు. "అక్కా, రేడియోకి కళ్ళుండవు. నోరు తెరు! నీ మాటయ్యాక ఓవర్ అను, అప్పుడు గాని అది మాట్లాడదు."

ఆ తల్లుల నోట మొదటి మాట బయటికొచ్చే క్షణం నేజోన్ మరిచిపోలేదు. ఇంట్లో రోజూ వినే గొంతులే. పెట్టె ముందు మాత్రం, కొత్తగా అప్పుడే పుట్టినట్టు ఉండేవి.

అందుకే ఈ ఏడంతా సామాన్ల గది పక్కనున్న తన ఇరుకు గదిలో ఎమ్లీనాతో రేడియో ఆడింది. ఎర్ర చీటీ అంటించిన ఖాళీ నిల్వ మాంసం రేకు డబ్బాయే మైకు. వీపులు ఆనించుకుని కూర్చోవాలి. ఒకరి మొహం ఒకరు చూడకూడదు. పిల్ల మార్షల్ భాషలో గుసగుసలాడేది. ఒకటి రెండుసార్లు "ఓవర్" అని కిసుక్కున నవ్వేది. ఇంగ్లీషు మాత్రం డబ్బాలోకి దిగలేదు. నేజోన్ తొందరపెట్టలేదు. మెజిత్ బావుల్లో నీళ్ళు సముద్రం పోటుతో పాటు లేస్తాయి. వాన పడదు, ఎవరూ పొయ్యరు. చూస్తూ కూర్చుంటే ఏమీ కనపడదు. పొద్దున వేలాడిన చేద సాయంత్రానికి మునిగిపోతుంది. అంతే.

పరీక్ష గదిలో ఎమ్లీనా హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. అవి దాని తలకి పెద్దవై, బుగ్గల మీదికి జారాయి. కంప్యూటరు పక్కన నిలబడ్డ డార్లా రూళ్ళు చదివింది. సాయం చెయ్యకూడదు, సైగ చెయ్యకూడదు, మొహంలో ఏ భావమూ చూపకూడదు. చివరిది చదువుతూ నేజోన్ నుదురు వైపు ఓ చూపు చూసింది.

నేజోన్ లేచింది. తన కుర్చీని ఎత్తి, గోడ వైపు తిప్పి, పిల్లకి వీపు పెట్టి కూర్చుంది. బంతులు తొడిగిన కాళ్ళు కావడంతో చప్పుడు కాలేదు.

"అలా కూర్చోవచ్చాండీ?" డార్లా మెల్లగా అడిగింది.

"గోడ చూడకూడదని రూళ్ళలో లేదుగా."

డార్లా రూళ్ళ కాగితం మడిచింది. తర్వాత తనూ కిటికీ వైపు తిరిగింది.

గదిలో ఇప్పుడు కళ్ళు లేవు. యంత్రం ప్రశ్న అడిగినట్టుంది, హెడ్‌ఫోన్లలో చిన్న చీమ గొంతు వినపడింది. తర్వాత నిశ్శబ్దం. పిల్ల కనుబొమలు ఎత్తి ఉంటుందని నేజోన్‌కి చూడకుండానే తెలుసు. చీమ గొంతు మళ్ళీ అడిగింది. నిశ్శబ్దం. గోడ మీద పాత మేకు రంధ్రం ఒకటి ఉంది. నేజోన్ దాన్నే చూస్తోంది. తండ్రి మాట అరిచి చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. వంకర వేళ్ళతో ఒళ్ళోని గౌను పట్టుకుంది.

"డాగ్."

నేజోన్ మేకు రంధ్రం మీంచి చూపు తిప్పలేదు.

"డాగ్ రన్నింగ్." కాస్త ఆగి, "ఓవర్."

కొప్పులోని గవ్వలు గలగలమన్నాయి. తల వణుకుతోందని అప్పుడు తెలిసింది ఆమెకి.

తర్వాత ఆ గొంతు ఆగలేదు. కుక్క ఎందుకు పరుగెడుతోందో చెప్పింది. పిల్లాడి చేతిలో రొట్టె ఉందని, వాడు పెట్టడని, వాడు మంచివాడు కాదని చెప్పింది. మా దీవిలో కుక్కలు చేపలు తింటాయని, అమ్మ అక్కడే ఉందని, పడవ నెమ్మదిగా వస్తుందని చెప్పింది. అడిగినదీ చెప్పింది, అడగనిదీ చెప్పింది. తప్పులున్నాయి, ఒప్పులున్నాయి. ఆ ఓవర్ తప్ప ఒక్క మాట కూడా నేజోన్ నేర్పింది కాదు. ఎక్కడివి ఇవన్నీ? మధ్యాహ్నం భోజనాల గోలలోవి, బస్సులో పెద్ద పిల్లల తిట్లలోవి, డార్లా చదివే కథల్లోవి. ఒక్కొక్కటే వచ్చి, ఆ చిన్న ఒంట్లో మూగగా ఇన్నాళ్ళూ ఎలా కూర్చున్నాయి? నేజోన్‌కి తండ్రి పాక గుర్తొచ్చింది. ఇనప పెట్టె చుట్టూ నిలబడి చెయ్యెత్తి దండం పెట్టిన ముసలివాళ్ళు గుర్తొచ్చారు. వాళ్ళని చూసి చిన్నప్పుడు నవ్వింది. ఇప్పుడు గోడ వైపు కూర్చుని తనూ అదే పని చేసింది.

ప్రతి జవాబు చివరా ఓవర్ వినపడుతూనే ఉంది. కిటికీ దగ్గర డార్లా ముక్కు చీదుకుంది.

బయటికి వచ్చాక ఎమ్లీనా అన్నం ముద్ద కొరికి, నోటి నిండా కొబ్బరితో అడిగింది.

"అవ్వా, అవతలి ఆవిడ ఒక్కసారీ నాకు బదులు చెప్పలేదేం?"

"నువ్వు సందిస్తేగా తల్లీ!"

వేసవికి బడి మూసే ముందు ఫలితాలు వచ్చాయి. ఎమ్లీనా అట్టడుగు మెట్టు దాటింది. ప్రత్యేక తరగతి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. హెర్లీ వంటగదిలో గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేస్తూ కడిగింది. పక్క రాష్ట్రం ఓక్లహోమాలో ఈనిడ్ అనే ఊరి బడిలో దీవుల పిల్లలు కొత్తగా చేరారని, అక్కడ మనిషి కావాలని నేజోన్‌కి కబురొచ్చింది.

చివరి రోజు నేజోన్ కుర్చీలన్నీ తిరగేసి, బంతులు సరిచూసింది. ఎమ్లీనా అటు తిరిగి సంచీలో పుస్తకాలు కుక్కుతోంది.

"అవ్వా, పోతున్నావా?"

నేజోన్ కనుబొమలు ఎత్తింది.

"కళ్ళు లేవవ్వా," అంది పిల్ల వెనక్కి తిరగకుండానే. "నోరు తెరు."

నేజోన్ చేతిలోని కుర్చీ దించింది. "పోతున్నానే తల్లీ."

పిల్ల ఎదురుచూసింది. సంచీ జిప్పు లాగింది. ఇంకా ఎదురుచూసింది.

"ఓవర్ అనలేదు నువ్వు."

నేజోన్ దాని తల నిమిరి, సంచీ భుజానికి తగిలించింది. బస్సు హారను కొట్టింది. పిల్ల పరుగెత్తింది.

ఆగస్టులో బడి తెరిచేసరికి ఆ ఇరుకు గదిలో తుడుపు కర్రలు పెట్టారు. కిటికీ గట్టు మీద ఎర్ర చీటీ సగం ఊడిన మాంసం డబ్బా ఒకటి, మూత లేని నోరు గదిలోకి తెరుచుకుని, అక్కడే ఉంది.