పాట ఆపిన ఏడాది

చాంపియన్ రీఫ్స్‌లో బంగారు గని లైను ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. ఒక ఇంట్లో తుమ్మితే మూడో ఇంటివాళ్లు ‘చిరంజీవ’ అంటారు. అలాంటి చోట శశికుమార్ గొంతెత్తితే ఇంక చెప్పాలా! ఆదివారం పొద్దున చిన్నవెంకటమ్మ ఇంట్లో సంగటికి ఎసరు పెట్టారని లైను మొత్తానికీ తెలిసిపోయేది.

శశికుమార్ చిన్నవెంకటమ్మకు ఒక్కడే కొడుకు. తండ్రి పిల్లప్ప గనిలోకి దిగినన్నాళ్లు దిగి, గని మూతపడ్డాక దగ్గొక్కటే మిగుల్చుకుని, దానితోనే పోయాడు. కొడుకు బెంగళూరులో ఒక బట్టల కార్ఖానాలో కటింగ్ మాస్టరు. తెల్లవారకముందే రైలెక్కితే మళ్లీ దీపాలు పెట్టాకే దిగేవాడు. రోజూ ఆ రైల్లో పోయేవాళ్లు పదిమంది కలిసి ఒక పెట్టెలో కూచుని భజన చేసుకుంటూ పోయేవాళ్లు. కంజీర ఉంటే కంజీర, లేని రోజు రైలు గోడే. అలా వారంలో ఆరు రోజులు ఆయన గొంతు రైలుది. ఆదివారం మాత్రం ఇంటిది.

ఆ ఆదివారం పద్ధతి మొదలైంది ఆయన కూతురు రక్షిత వల్ల. పాప నాలుగో తరగతిలో ఉన్నప్పుడు బడిలో ఏదైనా కథ రాసుకు రమ్మన్నారు. ఏమీ తోచక నోటుపుస్తకం ముందు పెట్టుకుని ముక్కు ఎగబీలుస్తూ కూచుంది. వాళ్ల నాయన గడ్డం గీసుకుంటున్నవాడల్లా సబ్బు నురగతోనే వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

“ఏడవాకు తల్లీ. నేను రాగం తీస్తా. నువ్వు కండ్లు మూసుకో. ఏం కనబడితే అది రాయి” అన్నాడు.

అంతే. మాటలు లేని రాగం అది. ఎక్కడా నేర్చుకున్నది కాదు, ఆయన తల్లి రాగులు విసురుతూ పాడిన పాటలు కొంత, రైలు ఊపు కొంత, మిగతాది ఆయనకే తెలియాలి. ఎసరు మరిగేటప్పుడు మొదలయ్యేది. పిండి పోసి, ఆవిరి పట్టించి, చిన్నవెంకటమ్మ కట్టెతో గెలికి ముద్దలు చుట్టేసరికి ముగిసేది. ఆలోగా పాప కథ అయిపోవాలి. ముద్ద పళ్లెంలో పడగానే చదవాలి. బడిలో నేర్పింది కన్నడ అక్షరాలే కాబట్టి ఆ అక్షరాల్లోనే తెలుగు రాసుకునేది.

“నీ కథల్లో ఎవురూ అన్నం తినరేందే?” అని వాళ్లమ్మ సుమ ఎగతాళి చేసేది.

“వాళ్లు తినబోయేసరికి అవ్వ సంగటి దించేస్తాదమ్మా. నేనేం జేసేది?”

“ఆ గుడ్డి గుర్రం పోయిన నెల కథలో కూడా వచ్చినాది కదే” అనేది చిన్నవెంకటమ్మ. “దానికి ఇంగ సెలవియ్యి. పాపం, యాడికని తిరుగుతాది?”

ఆమెకు అక్షరం ముక్క రాదు. కానీ ఒకసారి చెవిన పడింది పోదు. ఏ కథ ఏ ఆదివారం చదివిందో, ఆ రోజు పులుసు ఏం కాచిందో కూడా చెప్పేది. అలా నాలుగేళ్లు నడిచింది. రక్షిత ఎనిమిదో తరగతికి వచ్చేసరికి బీరువా కింది అరలో పదకొండు నోటుపుస్తకాలు పేరుకున్నాయి.

ఒక గురువారం సాయంత్రం శశికుమార్ రైల్లోనే పోయాడు. కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడట. పాట వింటున్నాడనుకుని మిగతావాళ్లు పాడుతూనే ఉన్నారు. ఊరిగాం స్టేషను దాటాక, దిగాలి లేరా అని పాండు భుజం పట్టి కుదిపితే తల వాలిపోయింది. గుండె ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలియదు. పాండు ఆయనకు చిన్నప్పటి నుంచి స్నేహితుడు, కంజీర వాయించేవాడు. ఇంటికొచ్చి గడపలో కూలబడి, “శవం చుట్టూ కూచోని పాడినాము పెద్దమ్మా” అని ఒక్కటే ఏడుపు.

ఆ మాట చిన్నవెంకటమ్మ కడుపులో దిగబడిపోయింది. ఎందుకంటే ఆమె కాపురానికి వచ్చిన ఏడే పిల్లప్ప వాళ్ల అన్న గనిలో బండ పేలి పోయాడు. అప్పుడు ఆమె అత్త చెప్పింది: చెప్పకుండా ఉన్నట్టుండి పోయినవాళ్లకు దోవ తెలియదట. వెనక నుంచి ఇంటి పాట వినబడితే తిరిగి చూస్తారట. తిరిగి చూసినవాళ్లు అటూ కాకుండా ఇటూ కాకుండా దోవలోనే నిలబడిపోతారట. ఆ ఏడాదంతా ఆ ఇంట్లో ఎవరూ నోరు తెరిచి కూనిరాగం కూడా తీయలేదు. బండ పేలి పోయినవాడికే అంత కట్టడి అయితే, పాట మధ్యలో పోయిన తన కొడుక్కు ఇంకెంత ఉండాలి?

కర్మ అయిపోయిన రోజున చుట్టాలు ఆకులెత్తుతుండగానే ఆమె అందరికీ వినబడేటట్టు చెప్పింది.

“ఏడాది తిరిగేదాకా ఈ ఇంట్లో పాట ఉండకూడదు. టీవీ వద్దు, రేడియో వద్దు, ఫోన్లో కూడా వద్దు. నా బిడ్డ పోవాల్సిన చోటికి పోనీండి.”

సుమ తల ఊపింది. ఆ రోజుల్లో ఏం చెప్పినా ఆమె తల ఊపేది.

మొదటి ఆదివారం ఎసరు మరిగే చప్పుడు ఇల్లంతా వినబడింది. రక్షిత నోటుపుస్తకం తెచ్చుకుని ఎప్పుడూ కూచునే చోటే కూచుంది. సంగటి అయింది. ముద్ద పళ్లెంలో పడింది. కాగితం మీద తేదీ తప్ప ఏమీ లేదు.

“అవ్వా, నువ్వన్నా పాడు. మెల్లిగా. నాకొక్కదానికే వినబడేటట్టు.”

“వద్దు తల్లీ. ఏడాది పోనీ. తర్వాత నీకు తనివితీరా పాడతా.”

“నాయన గురించి రాయల్లని ఉండాది అవ్వా. పాట లేకుంటే రావడం లేదు.”

“యాడికి పోతాది? నీ నాయనే కదా. ఏడాదికి మరిచిపోతావా?”

ఆ మాట అన్నప్పుడు ఆమెకు అందులో తప్పేమీ కనబడలేదు. అరవై ఏళ్ల కిందటి విసుర్రాయి పాటలు కూడా వరస తప్పకుండా ఆమెలో ఉన్నాయి. మరిచిపోవడమంటే ఏమిటో ఆమెకు నిజంగానే తెలియదు.

ఎండలు ముదిరాయి. గని రాతిపొడి పోసిన సైనైడు దిబ్బల మీద నుంచి తెల్లటి దుమ్ము లేచి వాకిళ్లలో పడుతోంది. బడి మూసే ముందు దాక్షాయణి టీచరు వెతుక్కుంటూ ఇంటికి వచ్చింది. చాప మీద కూచుని మజ్జిగ తాగి, చాలాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడింది. చివరికి అసలు మాట బయటపెట్టింది.

“అవ్వా, మీ పాప క్లాసులో మాట్లాడదు. రాయమంటే తేదీ వేసి కూచుంటాది. ముందర ఎంత బాగా రాస్తా ఉండె! పాట వింటే రాస్తానంటాది. ఇంట్లో వద్దంటే బడిలో నేను వినిపిస్తాను, మీరు సరే అనండి.”

“టీచరమ్మా, నువ్వు చదువుకున్నదానివి. నాకు నీయంత తెలీదు. బడిలో విన్నా అది వాడి బిడ్డే కదా వినేది? వాడికి తెలీకుండా ఉంటాదా?”

టీచరు గ్లాసు కింద పెట్టి, గోడ మీది ఫోటో వంక ఒకసారి చూసి లేచింది. చిన్నవెంకటమ్మ ఆమె వెంట వీధి చివరిదాకా నడిచి, కొంగున కట్టిన నాలుగు మామిడికాయలు చేతిలో పెట్టి మరీ పంపింది. మనిషిని నొప్పించానే అని ఆమెకు బాధే. కానీ కొడుకు దోవలో నిలబడిపోతాడన్న భయం దానికన్నా పెద్దది.

పాండు కూడా రెండుసార్లు వచ్చాడు. వాళ్ల గుంపు పాడుతుంటే ఎప్పుడో తీసిన వీడియో ఒకటి ఉంది, పాపకు చూపిస్తానన్నాడు. ఏడాది తిరిగాక రా నాయనా అన్నది చిన్నవెంకటమ్మ. ఇంటి రాగాన్ని మాత్రం ఎవరూ ఏ ఫోనులోనూ పట్టుకోలేదు. వచ్చే ఆదివారం మళ్లీ ఉంటుందనుకునేదాన్ని ఎవరు దాచిపెట్టుకుంటారు?

వానలు మొదలైన కొత్తల్లో ఒక మధ్యాహ్నం చిన్నవెంకటమ్మ బియ్యం చెరుగుతోంది. స్నానాల గదిలో నీళ్ల చప్పుడు. దాని వెనక సన్నగా ఇంకేదో. చేట పక్కన పెట్టి చెవి రిక్కించింది. రక్షిత కూనిరాగం తీస్తోంది. నాయన రాగమే. రెండు మలుపులు సరిగ్గా వచ్చాయి, మూడో దగ్గర ఆగిపోయి మళ్లీ మొదటికి పోతోంది. మళ్లీ ఆగుతోంది.

చిన్నవెంకటమ్మ లేచి ఆ తలుపు దబదబా బాదింది. పాప తడి జుట్టుతో బయటికి రాగానే నోటి మీద చెయ్యి పెట్టి గట్టిగా నొక్కేసింది. పదమూడేళ్లలో ఆ పిల్ల మీద ఆమె చెయ్యి అలా పడడం అదే మొదలు.

“ఎన్ని తూర్లు చెప్పల్ల? మీ నాయన తిరిగి చూస్తాడే!”

రక్షిత ఆ చేతిని రెండు చేతులతో పట్టి కిందికి లాగింది.

“చూడనీ అవ్వా. ఒక్క తూరి చూడనీ. నాకు అదే గదా కావల్సింది.”

సుమ వంటింటి గుమ్మంలో నిలబడి ఇద్దరినీ చూసింది. కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది.

ఆ తర్వాత ఆ పిల్ల మళ్లీ అడగలేదు. ఆదివారాలు నోటుపుస్తకం తీయడమూ మానేసింది. పెట్టింది తినేది, చెప్పిన పని చేసేది, అవ్వ కాళ్లు పట్టేది. చిన్నవెంకటమ్మ క్యాలెండరు ముందు నిలబడి, చదవడం రాకపోయినా, అమావాస్యల నల్లచుక్కలు లెక్కపెట్టుకునేది. ఇంకా ఐదు. ఇంకా మూడు. అయిపోతే అన్నీ సర్దుకుంటాయని.

ఏడాది తిరిగింది. సంవత్సరీకం ముగిసి అయ్యవారు వెళ్లిపోయాక మొదటి ఆదివారం. చిన్నవెంకటమ్మ పొద్దున్నే తలంటుకుని, పాండును పిలిపించింది. కంజీర తెచ్చుకోమంది. బీరువా కింది అరలోంచి తనే ఒక ఖాళీ నోటుపుస్తకం తీసి పాప ఒళ్లో పెట్టింది.

“ఇంగ భయం లేదు. వాడు పోయి చేరినాడు. కండ్లు మూసుకో తల్లీ. నీ నాయన రాగం తీస్తా.”

ఎసరు మరుగుతోంది. ఆమె గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. రాగం నాలుగడుగులు నడిచేసరికి అది రాగులు విసిరే పాట అయిపోయింది. ఆగి, మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ఇంకో పాటలోకి పోయింది. అరవై ఏళ్ల పాటలన్నీ ఎదురొచ్చి అడ్డం నిలబడుతున్నాయి గానీ, ఆ ఒక్కటి రావడం లేదు. ఏడాదిపాటు నోట్లోకి రానివ్వలేదు, మనసులోకి వచ్చినా తరిమేసింది. తరిమి తరిమి ఇప్పుడు రమ్మంటే ఎక్కడి నుంచి వస్తుంది?

“పాండూ, నువ్వన్నా అందుకో నాయనా.”

పాండు అందుకున్నాడు. అది రైలు భజన. ఫోను తీసి వీడియో పెట్టాడు. పదిమంది గొంతుల్లో శశికుమార్‌ది ఏదో పోల్చుకోలేకపోయారు. సుమ గోడవైపు తిరిగి, “అది కాదన్నా. అది కాదు” అన్నది. ఆమె కూడా ప్రయత్నించింది. మొదటి మలుపు దగ్గరే ఆగిపోయింది.

“పాపా, నువ్వు తీస్తా ఉండినావు కదే. ఆ పొద్దు, స్నానం చేసేటప్పుడు” అన్నది చిన్నవెంకటమ్మ. అడుగుతుంటే ఆమెకే సిగ్గేసింది.

“అప్పుడు రెండు మలుపులు ఉండె అవ్వా. ఇప్పుడు అవీ లేవు.”

పాప ఆ మాట కోపంగా అనలేదు. నీళ్లు అయిపోయాయని చెప్పినట్టు చెప్పింది. కోప్పడినా బాగుండేది.

చిన్నవెంకటమ్మ పొయ్యి ముందు కూలబడింది. కట్టె చేతిలో ఉంది గానీ గెలకడం లేదు. సంగటి అడుగంటుతోంది. ఆమె ఏది పడితే అది, ఒక పాటలోంచి ఇంకో పాటలోకి పడుతూ లేస్తూ పాడుతూనే ఉంది. ఆపితే తను చేసిందేమిటో వినబడుతుందని భయం.

రక్షిత అవ్వ వంక చూసింది. కలం మూత తీసింది.

“అదే అవ్వా. అదే రాగం. వచ్చేసింది. ఆపాకు, పాడు.”

తల వంచుకుని రాయడం మొదలుపెట్టింది. పాండు ఊపిరి పీల్చుకున్నాడు. చిన్నవెంకటమ్మ పాడుతూనే మెల్లిగా పక్కకు జరిగి కాగితం వైపు చూసింది. అక్షరాలు రాకపోతే మాత్రం కళ్లు లేవా? మొదటి వరసలో ఏ గీతలున్నాయో రెండో వరసలోనూ అవే ఉన్నాయి. మూడో వరసలోనూ అవే. ఒకే మాట, కింద మళ్లీ అదే మాట, కాపీ రాయమని బడిలో శిక్ష వేసినట్టు, కాగితం నిండిపోతోంది.

సంగటి దించింది. మాడిన వాసన. ముద్దలు సరిగ్గా రాలేదు.

“చదువు తల్లీ” అన్నది.

రక్షిత పుస్తకం ఎత్తి పట్టుకుని చదివింది. ఒక ఊళ్లో ఒక ముసలమ్మ, ఆమెకో మేక, మేకకు చలి. ఎక్కడా తడబడలేదు. కళ్లు మాత్రం కాగితం మీద ఒకే చోట ఉన్నాయి. ముగించి పుస్తకం మూసి, దాని మీద చెయ్యి ఆనించుకుంది.

“బాగుండాదా అవ్వా?”

సుమ తల తిప్పుకుంది. చిన్నవెంకటమ్మ మనవరాలి పళ్లెంలో ముద్ద పెట్టి, మధ్యలో వేలితో గుంట చేసి పులుసు పోసింది.

“బాగుండాది” అన్నది. “తిను. చల్లారిపోతాది.”