ప్రార్థిస్తున్న సిపాయి

పెద్దపటం చట్రం మీది దుమ్మును మెత్తటి కుంచెతో పైనుంచి కిందికి దింపుతున్నాడు దుమ్ము మామ. చిత్రశాలలో అందరూ ఆయన్ని పిలిచే పేరు అదే. ముప్పైయేళ్ల కొలువుకు ఇవాళే ఆఖరి రోజు. ఎడమ బూటులో మేజోడు లేదు. పొద్దుటి వానకు నానిన దాన్ని పిండి, చొక్కా లోపల పొట్టకు ఆనించి దోపుకున్నాడు.

"ఏం మామా, పొట్ట పెరిగింది? పోతూ పోతూ ఓ పటం నొక్కేస్తున్నావా?" అంది టిక్కెట్లమ్మే ఆవిడ.

"నొక్కేవాణ్ణయితే ముప్పైయేళ్లు ఆగుతానా తల్లీ!"

పెద్దపటం నిండా గుర్రాలు, కత్తులు, పొగ. ఒక్కడి బూటుకూ మట్టి లేదు. వీళ్లు యుద్ధానికి పోయారా, పెళ్లికి పోయారా అని మామకు ఎప్పుడూ అనుమానమే. ఆయన మనసంతా మూలనున్న చేటంత పటం మీద. దాన్ని వేసినవాడు తనూ యుద్ధంలో కందకంలో కూర్చున్న సిపాయే. ఆ పటంలో ఒకడు బురదలో ఒదిగి, తల వంచి, రెండు చేతులూ చొక్కాలో దోపుకుని ఉంటాడు. కింద పలక మీద 'ప్రార్థిస్తున్న సిపాయి' అని ఉంటుంది. చూసినవాళ్లు చేతులు జోడించి పోతారు.

ఇంతకీ వాడు చొక్కాలో గుండెకు హత్తుకున్నదేమిటి? ఏళ్ల తరబడి మామకు అదే ఆరా. పోయిన నెల దులుపుతుంటే చొక్కా అంచున గోరంత బూడిదరంగు ఊలు కనబడింది. చటుక్కున చనిపోయిన అన్న గుర్తొచ్చాడు. యుద్ధం నుంచి తిరిగొచ్చాక, ఇంట్లో దండెం ఉన్నా తడి మేజోళ్లు చొక్కాలోనే దోపుకునేవాడు. ఎందుకని అడిగితే, "కాలు కుళ్లితే తుపాకీ ఎవడు మోస్తాడ్రా?" అన్నాడు. యుద్ధం గురించి అన్న చెప్పింది మొత్తం ఆ ఒక్క ముక్కే.

పటాల బాగోగులు చూసే మేడమ్‌తో ఆ సంగతి చెబితే, "రుజువేది మామా?" అని నవ్వేసింది. తను వెళ్లేలోగా ఆ పలక మారాలని మామ పట్టుదల.

సాయంత్రం తాళాలు అప్పగించి, చొక్కాలోంచి మేజోడు తీసి మేడమ్ చేతిలో పెట్టాడు.

"ఛీ! ఇదేంటి మామా?"

"రుజువు అడిగారుగా. పొద్దున పిండితే నీళ్లు కారాయి. ఇప్పుడు చూడండి. కుడి కాలికున్నది ఇంకా తడే."

పొడిగా, వెచ్చగా ఉంది. ఆమె దాన్ని బల్ల మీద పెట్టి, భూతద్దం తీసుకుని మూలకు నడిచింది. చాలాసేపు వంగి చూసింది.

"అయితే వీడు ప్రార్థన చెయ్యట్లేదంటావా?"

"చేసే ఉంటాడమ్మా. కాళ్లు ఆరాక."

ఆమె మరలు విప్పి పలక ఊడదీసి, వెనక్కి తిరిగేసరికి మామ లేడు. బల్ల మీద మేజోడు ఒక్కటే ఉంది, మడమ దగ్గరి చిల్లుకు నల్లదారం కుట్టుతో, మనిషి వేడి ఇంకా పూర్తిగా వదలకుండా.