మాకంటే పైన ఎవరూ లేని జాబితా

అమెరికాలో మా నెబ్రాస్కా రాష్ట్రంలో తమ బడుల్ని తామే నడుపుకునే స్కూల్ డిస్ట్రిక్టులు ఎన్నున్నా, తొమ్మిదేళ్లపాటు మా టర్కీ ఫోర్క్ కంటే పైన నిలిచింది ఒక్కటీ లేదు. రాష్ట్రంవాళ్లు ఏటా పరీక్ష మార్కుల్నిబట్టి అచ్చువేసే జాబితా తెప్పించుకుని చూడండి. మమ్మల్ని ఫలానావాళ్లు ఓడించారని అందులో ఒక్క ముక్క కనిపించినా సగం మీసం తీయించుకుంటాను.

ఈ మాట నేను ప్రతి శనివారం బ్రెన్నర్‌విల్ కాఫీ హోటల్లో, డ్వేన్ టీమన్ ఎదురుగా కూర్చుని చెప్పేవాణ్ణి. డ్వేన్ అక్కడి హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు ఫుట్‌బాల్ నేర్పి రిటైరయ్యాడు. వాళ్ల డిస్ట్రిక్టులో పదకొండు వందలమంది పిల్లలు, రాత్రిని పగలు చేసే దీపాలున్న మైదానం, జాబితాలో ఎనభై ఎనిమిదో స్థానం.

"ఎనభై ఎనిమిదా! అంటే మీ నెత్తిమీద ఎనభై ఏడుగురు కూర్చున్నారన్నమాట. మెడ నొప్పెట్టదట్రా పైకి చూసీ చూసీ?" అనేవాణ్ణి.

"మీదెన్నోదిరా వెర్లిన్?"

"మా పైన ఎవరూ లేరు."

"కిందో?"

"కిందికి చూసి మురిసే బుద్ధి మా ఊళ్లో ఎవరికీ లేదురా."

ఇక అసలు సంగతి చెప్పేస్తాను. మా డిస్ట్రిక్టంతా కలిపి ఒక బడి, ఒక పసుపు బస్సు, తొమ్మిదిమంది పిల్లలు. పదిమంది కంటే తక్కువుంటే ఆ బడి మార్కులు అచ్చువేయరు. వేస్తే ఏ మార్కు ఎవరి పిల్లాడిదో ఊరంతా ఇట్టే పోల్చేస్తుంది కదా! అందుకని మా పేరుకెదురుగా చిన్న గీత గీసి వదిలేస్తారు. గీతను ఓడించడం ఎవరి తరం? ఆ బస్సు తోలేది నేనే. స్కూలు బోర్డు అధ్యక్షుణ్ణీ నేనే, అధ్యక్షుణ్ణి ఎన్నుకునే రోజు మీటింగుకి ఆలస్యంగా వెళ్లిన పాపానికి. నేను చదివిందీ ఆ బడిలోనే, ఎనిమిదో తరగతి దాకా.

రెండేళ్ల కిందట ఆగస్టులో లోర్నా హ్రూబీ టీచరు నన్ను పిలిపించింది. ఆవిడ మా బడికి పెద్దదిక్కు. పై తరగతులకు పాఠాలు చెప్పేదీ, గురువారం చిల్లీ అనే చిక్కుడుగింజల మాంసం కూర, దాల్చినచెక్క రోల్స్ వండేదీ ఆవిడే. బల్లమీద రాష్ట్రంవాళ్ల ఉత్తరం ఒకటి ఉంది.

"వెర్లిన్ గారూ, ఈ ఏటినించి కొత్త రూలట. సెప్టెంబరు ఆఖరి శుక్రవారం తలలు లెక్కపెడతారు. ఆ రోజు బెంచీలమీద పదిమంది లేకపోతే వచ్చే ఏడు బడి ఉండదు. పిల్లల్ని బ్రెన్నర్‌విల్ బడిలో కలిపేస్తారు."

"అక్కడికి నలభై మైళ్లు టీచరమ్మా! చంటి వెధవలు చీకట్లో బస్సెక్కాలి."

"అందుకే పిలిచాను. పదో పిల్లని తెండి."

ఎక్కడినించి తేను? మా చుట్టుపక్కల మనుషులకంటే ఆవులెక్కువ. మా పొరుగు వావ్రాల ఇంటి మూడేళ్ల బుడ్డోణ్ణి అడిగాను, వాడికింకా లాగు వేసుకోవడమే రాదు. "పోనీ తొమ్మిదో తరగతిలో నన్నే చేర్చుకోండి, డెబ్భై ఒకటి నిండలేదు" అన్నాను. టీచరు నవ్వలేదు. ఆవిడ నవ్వలేదంటే వ్యవహారం ముదిరినట్టే.

సెప్టెంబరు మూడో శనివారం కాఫీ హోటల్లో డ్వేన్ మాట కలపకుండా కప్పులో చెంచా తిప్పుతూ కూర్చున్నాడు. వాడు మౌనంగా ఉండడం నేను చూసింది వాళ్లావిడ పోయినప్పుడొకసారి, వాళ్ల జట్టు యాభై రెండు పాయింట్ల తేడాతో ఓడినప్పుడొకసారి.

"ఏరా, పళ్లసెట్టు ఇంట్లో మరిచావా?"

"మా మనవరాలు మారెన్ లేదూ, అయిదో తరగతి. ముప్ఫైమంది క్లాసులో నోరు విప్పదురా. టీచరు పిలిస్తే బల్లకింద దూరుతుంది. నేను సెలవుల్లో మీ బడి పిక్నిక్కి తీసుకొచ్చానా, అక్కడ మీ చిన్నపిల్లలకి రొట్టె కోసి భిన్నాలు చెప్పిందట. అప్పట్నించీ ఒకటే పాట, అక్కడ చేరతానని." గొంతు తగ్గించాడు. "మీ డిస్ట్రిక్టులో చేర్చుకుంటారా?"

నా గుండె ఎగిరి గంతేసింది. పైకి మాత్రం, "ఏమోరా, ఎవర్ని పడితే వాళ్లని చేర్చుకోం. రాష్ట్రంలో మాకొక పేరుంది" అన్నాను.

డ్వేన్ చెంచా కిందపెట్టి నాకేసి చూశాడు. ముప్ఫై ఏళ్లు ఎదుటి జట్టు ఎత్తులు చదివిన కళ్లు అవి.

"ఆ పేరెంతో నాకు తెలుసులేరా. గీత! తొమ్మిదేళ్లుగా తెలుసు."

"మరి ఒక్కనాడూ అనలేదే?"

"నీ ముచ్చట చెడగొట్టడమెందుకని. ఇప్పుడు విను. మారెన్ వస్తే మీరు పదిమంది. బడి నిలుస్తుంది, గీత పోతుంది, మీకూ ఒక నంబరు వస్తుంది. అది మా నంబరు కంటే కిందుంటే, కౌంటీ జాతర ఊరేగింపులో నువ్వు మా నారింజ జెర్సీ తొడుక్కుని నడవాలి."

"పైనుంటే?"

"నేను నీ బస్సు కడుగుతా, ఏడాదిపాటు."

పిల్లని మా డిస్ట్రిక్టుకి మార్చే కాగితం మీద అధ్యక్షుడి సంతకం కావాలి. కలం పట్టుకుని ఒక్క నిమిషం ఆగాననే చెబుతాను. తొమ్మిదేళ్ల బడాయి అంత తేలిగ్గా చేయి దాటదు. ఆ చీకట్లో నలభై మైళ్లు గుర్తొచ్చి గీసేశాను.

లెక్కపెట్టే రోజు పొద్దున్నే డ్వేన్ మనవరాల్ని తన కారులో రోడ్డు మలుపు దాకా తీసుకొచ్చి, ఇక రోజూ తనే దింపుతానని చెప్పి నా బస్సెక్కించాడు. పిల్ల బస్సంతా కలియజూసి, "తాతా, ఇందులో ఎక్కడైనా కూర్చోవచ్చా?" అంది.

"ఎక్కడైనా. రెండు సీట్లు కావాలన్నా తీసుకో తల్లీ."

పదిమంది తేలారు. హ్రూబీ టీచరు ఆ రోజు గురువారం కాకపోయినా చిల్లీ వండింది, రోల్స్ చేసింది. నేను నాలుగు తిన్నాను.

ఆ తర్వాత నేనొక ఘనకార్యం చేశాను. వసంతంలో రాష్ట్రం పరీక్ష. ఫలానా వారంలో ఏ రోజైనా పెట్టుకోవచ్చు, ఆ రోజు బోర్డు నిర్ణయిస్తుంది. అంటే నేను. సోమవారం వావ్రాల ఇంట దూడలకు కాల్చిన ఇనుముతో ముద్రలు వేసే పని, బడికి సెలవు. మా వైపు పిల్లా పెద్దా ఇరుగుపొరుగు ముద్రలపనికి వెళ్లకుండా ఇంట్లో కూర్చోవడమంటే ఊళ్లో మొహం చూపించలేకపోవడమే. కనుక మంగళవారం పరీక్ష పెట్టాను, దూడల పని అయిపోతే పిల్లలు హుషారుగా రాస్తారు కదా అని!

మంగళవారం పొద్దున బస్సెక్కినవాళ్లు పిల్లలు కారు, పది గోనెబస్తాలు. తెల్లవార్లూ కాకపోయినా సూర్యుడు కుంగేదాకా దూడల కాళ్లు పట్టుకున్నారు. రెండో లెక్క దగ్గరే ఇద్దరు బల్లమీద తల వాల్చి గుర్రుపెట్టారు. మా బడి మొత్తం మార్కులో ఒక్కొక్క పిల్ల వాటా నూటికి పది. ఇద్దరు గుర్రుపెడితే ఇరవై గోవిందా.

"ఈ తేదీ ఎవరు పెట్టారు?" అని హ్రూబీ టీచరు అడిగింది.

"బోర్డు" అన్నాను.

"బోర్డుని రేపు మూలన నిలబెడతాను."

నవంబరులో జాబితా వచ్చింది. గీత ఉండే చోట నంబరు: నూట ముప్ఫై ఒకటి. కాఫీ హోటల్లో డ్వేన్ ఆ కాగితం గోడకి అంటించి, మా పేరు కింద ఎర్రసిరాతో గీత గీశాడు. "నీకు గీత అలవాటు తప్పిపోతుందని" అన్నాడు.

జాతరకి తొమ్మిది నెలలు ఆగాలి కదా, మరిచిపోతాడనుకున్నాను. ఆగస్టులో జెర్సీ ఇస్త్రీ చేసి మరీ తెచ్చాడు. నా పొట్టమీద బ్రెన్నర్‌విల్ అక్షరాలు సాగి సాగి రెండు ఊళ్లంతయ్యాయి. ఊరేగింపులో మా పదిమందీ నా వెనక నడిచారు. అందరికంటే ముందు మారెన్, ముప్ఫైమందికి జడిసిన పిల్ల, మూడువేలమంది ఎదుట మా బడి పేరు రాసిన పలక ఎత్తి పట్టుకుని గొంతు చించుకుంది: "నూట ముప్ఫై ఒకటి! నూట ముప్ఫై ఒకటి!"

పక్కన చూస్తే డ్వేన్ కళ్లు తుడుచుకుంటున్నాడు. దుమ్మురా అన్నాడు. పోనీలే, దుమ్మే.

ఈ ఏడు మా బడిలో పన్నెండుమంది. పరీక్ష తేదీ టీచరే పెడుతుంది.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. బ్రెన్నర్‌విల్‌ది ఎనభై ఎనిమిదో స్థానం కాదు, నలభై ఒకటి. కానీ కథ రాస్తున్నది నేను, డ్వేన్ కాదు.