నీలంగా మారిన పొడి

విమానాశ్రయంలో కస్టమ్స్ బల్ల దగ్గర పెట్టెలు తనిఖీ చేసే ఆవిడకు ఇన్నేళ్ల ఉద్యోగంలో రాని పేరు టీవీ వల్ల వచ్చింది. అధికారులు పనిచేస్తుంటే ఉన్నదున్నట్టు చూపిస్తామని చెప్పుకునే కార్యక్రమం అది. అందులో ఆమెను చూశాక వీధిలోవాళ్లు దారిచ్చి తప్పుకునేవారు. కూరగాయలమ్మే మనిషి సైతం తూకం దగ్గర నీతిమంతుడైపోయాడు. ఆమెకు లోలోపల అదంతా బాగానే ఉండేది. ఎవరికి ఉండదు?

ఒకరోజు ఒక అమ్మాయి పెట్టెలో, పైన ఏమీ రాయని పొట్లం నిండా తెల్లటి పొడి దొరికింది.

"ఏమిటిది?" అని గద్దించింది అధికారిణి.

తాను కట్టుడు పళ్లు తయారుచేసే చోట పనిచేస్తానని, అది పళ్ల అచ్చులు పోసే పొడి అని అమ్మాయి చెప్పింది. దాని మీద పరీక్షకు వాడే చుక్కల మందు వేస్తే నీలంగా మారింది. మత్తుమందైతేనే అలా మారాలి. అమ్మాయి కుర్చీలో కూలబడింది. కెమెరా ఆ ముఖం దగ్గరికి జరిగింది.

చుక్కల మందు ఒక్కోసారి పొరబడుతుంది. అందుకే లోపల యంత్రంలో మళ్లీ చూస్తారు. అది ఉత్త అచ్చుల పొడేనని యంత్రం తేల్చింది. అధికారిణి తానే పెట్టె సర్ది, మంచినీళ్లిచ్చింది. అప్పుడు టీవీవాళ్లు వచ్చి, ముఖం చూపించడానికి ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టమన్నారు. అమ్మాయి వద్దంది.

"పెట్టమ్మా, ఏం కాదు. నీ తప్పేం లేదని చివర్లో చూపిస్తారు. పూచీ నాది," అంది అధికారిణి.

"మీరు చెప్తున్నారు కాబట్టి పెడుతున్నా మేడం."

ఆ భాగం వచ్చిన రోజు అధికారిణి ఇంట్లో అందరూ టీవీ ముందు చేరారు. పొడి నీలంగా మారింది. అమ్మాయి కూలబడింది. ఆ వెంటనే తెర మీద ఇంకెవరిదో పెట్టె తెరుచుకుంది. యంత్రం ఊసే లేదు.

"ముఖం చూస్తేనే తెలిసిపోతోంది, ఆరితేరిన ఘటం!" అంది అత్తగారు.

"కాదత్తయ్యా, ఆ పిల్ల ఏ తప్పూ చేయలేదు. తర్వాత తేలింది."

"నిప్పు లేందే పొగొస్తుందా, అమ్మాయ్?"

అధికారిణికి తల కొట్టేసినట్టయింది. కార్యక్రమం తీసేవాడికి అప్పటికప్పుడే ఫోన్ చేసింది. "తప్పు లేదని తేలిపోతే ఎవరు చూస్తారండీ?" అన్నాడతను, పాఠం చెబుతున్నట్టు. చెడామడా తిట్టింది. ఏం లాభం? మరునాడు మళ్లీ అదే బల్ల దగ్గర, అదే కెమెరా ముందు నిలబడింది.

కొన్నాళ్లకు డ్యూటీ దిగి బయటికొస్తుంటే ఆ అమ్మాయి ఎదురైంది. చిక్కి సగమైంది. అధికారిణి సిగ్గుతో తల దించుకుంది.

"పనిలోంచి తీసేశారు మేడం. పోనీలెండి, ఇంకోటి చూసుకుంటా. మా అమ్మ నాతో మాట్లాడ్డం మానేసింది. మీరొక్క మాట చెప్పండి, చాలు."

అమ్మాయి నంబరు కలిపి ఫోన్ చేతికిచ్చింది. అధికారిణి ఎంతో మెత్తగా మొదలుపెట్టింది.

"అమ్మా, మీ అమ్మాయి పెట్టె తీసి చూసింది నేనే. తను ఏ తప్పూ చేయలేదు. ఆ సంతకం కూడా నేనే పెట్టించాను. నన్ను క్షమించండి."

"ఎవరు నువ్వు? దాని స్నేహితురాలివా?" అంది తల్లి. "ఆవిణ్ణి నేను టీవీలో చూశాను. ఆవిడిలా మాట్లాడదు. చేసిన పని చాలక దొంగసాక్ష్యం కూడా చెప్పిస్తోందా?"

ఫోన్ పెట్టేసింది.

"నమ్మిందా మేడం?"

అధికారిణి నిటారుగా నిలబడింది.

"మళ్లీ కలుపమ్మా," అంది. "ఈసారి గద్దించి చెప్తాను."