చెరిగిన వరస

అక్షరాలన్నిటికీ తలకట్లు ఒకేసారి పెట్టుకుంటూ పోవడం ఆర్టిస్టు పద్ధతి. ముందు గోడ ఈ చివర నుంచి ఆ చివరదాకా అక్షరాల ఒళ్ళు మాత్రం రాసుకుంటాడు. నిచ్చెన మళ్ళీ మొదటికి జరుపుకుని తలకట్లు పెడతాడు. ఆ తరువాత గుడులు, కొమ్ములు, చిట్టచివర కింది ఒత్తులు. ఇలా రాస్తే చేయి ఒకే ఒరవడిలో సాగుతుంది, రంగు సమంగా పడుతుంది. ఇంకో సుఖం కూడా ఉంది. రాస్తున్నదేమిటో చదవనక్కర్లేదు.

ఆ ఉదయం ప్రార్థనా మందిరం లోపలి గోడ మీద సగం వరసలు తలకట్లతో సహా ముగించి, నిచ్చెన మెట్టు మీదే కూర్చుని ఆయాసం తీర్చుకుంటున్నాడు. జీవితమంతా టర్పెంటైను వాసన పీల్చిన ఛాతీ అది. రెండు మెట్లు ఎక్కితే చాలు, పాత తలుపులా కిర్రుమంటుంది. మనిషి సన్నగా, మెడ కొద్దిగా వెనక్కి వాలి ఉంటాడు. పైకి చూస్తూ బతికినవాడి మెడ మరి. కుడి బొటనవేలి గోరు ఏ సబ్బుకూ లొంగని నీలం. ఊళ్ళో అందరూ ఆయన్ని ఆర్టిస్టుగారనే పిలుస్తారు. అసలు పేరు అడిగితే ఆయనే ఒక్క క్షణం తడుముకుంటాడు.

ఆయన రాయని గోడ లేదు. తలనూనెలకు రాశాడు, సిమెంటుకు రాశాడు, దంతాల డాక్టర్లకు రాశాడు. ఒకే వీధిలో పొద్దున ఒక పార్టీకి, సాయంత్రం ఎదుటి గోడ మీద వాళ్ళని తిట్టే పార్టీకి రాశాడు. "నేను రాసినవన్నీ నమ్మి ఉంటే ఈపాటికి నా జుట్టు మోకాళ్ళదాకా ఉండాలి" అని తన బట్టతల నిమురుకుని నవ్వేవాడు. తరువాత ఫ్లెక్సీలు వచ్చాయి. మిషను గంటలో చేసే పనికి ఆర్టిస్టును ఎవరు పిలుస్తారు? ఆ గోడలన్నీ ఒక్కొక్కటే మాసిపోయాయి. మిగిలింది ఈ మందిరం గోడ ఒక్కటే.

ఇదీ ఆయన రాసిందే, జుట్టున్న రోజుల్లో. "మా విశ్వాసము" అని పైన పెద్ద అక్షరాలు. దాని కింద, ఈ సంఘం నమ్మే ఒక్కో సంగతికి ఒక్కో వరస. దేవుడు ఒక్కడే, తండ్రిగా కుమారుడిగా పరిశుద్ధాత్మగా ఉన్నవాడు. ఆయన వాక్యంలో పొరపాటు లేదు. కుమారుడు పాపుల కోసం సిలువ మీద చనిపోయి, తిరిగి లేచాడు. రక్షణ ఆయన కృపవల్ల, విశ్వాసంవల్ల వచ్చేదే తప్ప మనిషి చేసుకున్న మంచిపనులవల్ల రాదు. నమ్మినవాళ్ళు నీళ్ళలో మునిగి బాప్తిస్మం పొందాలి. ఆయన మళ్ళీ వస్తాడు. అన్నిటికన్నా కింద, నడుమెత్తులో ఉన్న ఆఖరి వరసలో, మృతులందరూ లేస్తారనీ, నమ్మినవారు నిత్యజీవానికి లేస్తారనీ ఉంది. ఆ తరువాతి సగం చెరిగిపోయింది. చెమ్మ కొట్టిందని సంఘపెద్దలు తేల్చారు. గోడంతా కొత్తగా రాయమని ఆర్టిస్టును పిలిచారు.

ఈ గోడ మొదటిసారి రాసిన రోజుల్లో ఆయన భార్య ఇక్కడికే మధ్యాహ్నం భోజనం పట్టుకొచ్చేది. ఆయన తిని చేయి కడుక్కునేదాకా బెంచీ మీద కూర్చుని, ఆరీఆరని అక్షరాలను కూడబలుక్కుని చదివేది. గోడ పూర్తయ్యేసరికి ఆవిడ నమ్మకమూ పూర్తయింది. మరుసటి ఆదివారం ఒంటరిగా వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. ఆ తరువాత బాప్తిస్మం తీసుకుంది, ఇంకొన్నాళ్ళకు మందిరం ఊడ్చి తుడిచే పనిలో కుదిరింది. మందిరం వెనకున్న ఒంటిగదిలోకి కాపురం మారింది. రాసినవాడికి ఒంటికి పెయింటు అంటింది, చదివినావిడకు మాట అంటింది.

పెళ్ళాం మొగుణ్ణి ఏదేదో అడుగుతుంది. ఈవిడ ఒక్కటే అడిగింది. నమ్మానని సంఘం ముందు నోరు తెరిచి ఒక్కసారి చెప్పమంది. ఆయనకు చెప్పడం చేతకాక కాదు. ఆయనకు ఒకే ఒక్క పట్టుదల ఉంది: చేత్తో ఎన్ని అబద్ధాలు రాసినా, నోటితో ఒక్కటి ఆడడు. అంగట్లో చిల్లర ఎక్కువ వస్తే వెనక్కిచ్చి వచ్చే రకం. "నమ్మకం కలిగిన రోజున నువ్వు అడగకుండానే చెబుతాలేవే" అనేవాడు. ఆ రోజు రాలేదు. అడగడం ఆవిడా మానలేదు.

ఇప్పుడావిడ మంచంలో ఉంది. ఇంటికి తీసుకెళ్ళి కోరినవి పెట్టమని ఆసుపత్రివాళ్ళు చెప్పారు. చావంటే ఆవిడకు బెరుకు లేదు. ఎక్కడికి వెళుతుందో ఆవిడకు ఖాయంగా తెలుసు. ఆయన అక్కడికి రాడన్నదే ఆవిడ బెంగ. ఆ బెంగ ఇద్దరి మధ్యా మంచం మీద మూడో మనిషిలా పడుకుంటోంది.

మధ్యాహ్నం జావ కలుపుకుని గదిలోకి వెళ్ళాడు. కిటికీ వెలుతురు ఆవిడ పాదాల మీద పడుతోంది. తల కింద చేయి పెట్టి లేపి, చెంచాతో పట్టించాడు. నాలుగు చెంచాలకే చాలంది.

"ఎందాకా వచ్చింది పని?"

"అయిపోయినట్టే. ఆఖరి వరస ఉంది."

ఆవిడ ముఖం గోడవైపు తిప్పుకుంది. నొప్పి కాబోలనుకుని ఆయన కాసేపు అరికాళ్ళు రుద్దాడు.

"పాస్టరుగారు వచ్చారా?"

"మధ్యాహ్నం తరువాత వస్తానన్నారు. చెరిగిన సగంలో ఏముందో ఆయనే చెప్పాలి. రాసినవాణ్ణే అయినా నాకు గుర్తు లేదు."

"నీకెప్పుడు గుర్తుంది గనక" అంది ఆవిడ, గోడవైపు నుంచే.

తిరిగి వచ్చి స్టూలు వేసుకుని ఆఖరి వరస ముందు కూర్చున్నాడు. పాత రంగు గీకుదామని రేకు పెట్టబోయి, చేయి ఆపాడు. కళ్ళజోడు సరిచేసుకుని దగ్గరగా చూశాడు. వేలితో తడిమాడు. చెమ్మ తిన్న గోడయితే పెచ్చులు లేవాలి, పక్క అక్షరాలూ ఉబ్బాలి. ఇక్కడ గోడ నున్నగా ఉంది. నిత్యజీవమన్న మాట చెక్కుచెదరలేదు. దాని పక్క నుంచి వరస చివరిదాకా మాత్రం రంగు అరిగి, అరిగి, కింది సున్నం కనిపిస్తోంది.

పాస్టరు వచ్చేసరికి ఆయన ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు. పాస్టరు చిన్నవాడు, ఆర్టిస్టుకు కొడుకు ఉంటే ఆ వయసు. ఎవరినో ఆసుపత్రిలో చూసి వస్తున్నాడు, చొక్కా వీపుకు అతుక్కుని ఉంది. బెంచీ మీద కూలబడి ముఖం తుడుచుకున్నాడు.

"ఇక్కడ ఏం రాయాలి పాస్టరుగారూ?"

పాస్టరు గొంతు సవరించుకున్నాడు. "నమ్మనివారు నిత్యనాశనమునకు లేతురు. అంతే."

ఆర్టిస్టు సుద్దముక్క అందుకున్నాడు కానీ రాయలేదు. "ఇది చెమ్మ కాదండీ. తడిగుడ్డ పెట్టి రుద్దారు. ఒక రోజు రెండు రోజులు కాదు, ఏళ్ళ తరబడి, పని గట్టుకుని."

పాస్టరు నేలవైపు చూస్తూ "తెలుసు" అన్నాడు.

"ఎవరో కూడా తెలుసా?"

"నేను వచ్చిన కొత్తలో ఒక పొద్దున చూశాను. మీ ఇంటి అమ్మే ఈ గోడ తుడుస్తోంది. మిగతా వరసల మీద గుడ్డ పైపైన పోతోంది. అక్కడికి వచ్చేసరికి ఆగింది. పెదవి బిగబట్టి రుద్దుతోంది, అంట్లగిన్నె రుద్దినట్టు. నేను తలుపు దగ్గరి నుంచే వెనక్కి వెళ్ళిపోయాను."

"అడగలేదా?"

"ఏమని అడగమంటారు? మా నాన్న కూడా నమ్మకుండానే పోయాడు. ఆదివారం సంఘమంతా నిలబడి ఈ గోడ చదువుతారు కదా. ఆ వరస దగ్గరికి వచ్చేసరికి నాకు దగ్గు వస్తుంది."

బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"అలాంటప్పుడు చెరిగిందాన్ని చెరిగినట్టే వదిలేయొచ్చు కదండీ."

"చెరిపితే మా నాన్న బయటపడతాడంటే ఈ గోడ మొత్తం నేనే పడగొట్టేవాణ్ణి" అన్నాడు పాస్టరు. కోపం లేదు ఆ గొంతులో, ఒట్టి అలసట. "అది నిజమని నమ్ముతున్నాను. నమ్మడం తేలికని ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. మీకు రాయడం కష్టమైతే చెప్పండి, వేరేవాళ్ళని చూస్తాను."

"వేరేవాళ్ళు ఎవరున్నారండీ ఇప్పుడు" అన్నాడు ఆర్టిస్టు.

నీలం డబ్బా మూత తీశాడు. కుంచె తడిపి, అంచుకు ఒత్తి, మొదటి అక్షరం ఒళ్ళు రాశాడు. అలవాటు ప్రకారం రెండోదానికి జరగాలి. జరగలేకపోయాడు. ఆ అక్షరానికి అక్కడే తలకట్టు పెట్టాడు, పూర్తి చేసి చదివాడు. తరువాతిది రాశాడు, చదివాడు. బడిపిల్లవాడు పలక మీద దిద్దుకున్నట్టు, ఒక్కొక్క అక్షరమే, ఒక్కొక్క మాటే. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయనకు తాను రాస్తున్నది నిజమో కాదో తెలుసుకోవాలనిపించింది. తలనూనె గురించి ఎప్పుడూ ఆ బాధ కలగలేదు. ఇది అబద్ధమైతే ఆవిడ ఇన్నేళ్ళూ అనవసరంగా ఏడ్చింది. నిజమైతే ఆవిడ పక్కన ఆయన ఉండేది ఇక కొద్ది రోజులే. చేయి మాత్రం దాని పని అది చేసుకుపోయింది. ఆ వరస గోడ మొత్తంలో బాగా కుదిరిన వరస.

కుంచెలు కడిగి గదిలోకి వెళ్ళేసరికి సాయంత్రం వెలుతురు కిటికీలోంచి సగం వెళ్ళిపోయింది. ఆవిడ మేలుకునే ఉంది. ఊపిరి చిన్నదైంది, పొద్దుటికన్నా చిన్నది.

"రాశావా?"

"రాశాను."

"బాగా వచ్చిందా?"

"బాగానే వచ్చింది."

ఆవిడ కళ్ళు మూసుకుంది. "తల చిక్కుపడి చిరాగ్గా ఉంది, కాస్త దువ్వవూ" అంది.

గూట్లో దువ్వెన వెతికి తెచ్చి, ఆవిడ వెనక మంచం మీద కూర్చుని, బరువు తన ఛాతీకి ఆనించుకున్నాడు. ఆ బరువు ఎంత తగ్గిపోయిందో అప్పుడు తెలిసింది. చివర్ల నుంచి మెల్లగా చిక్కు తీయడం మొదలుపెట్టాడు. ఆయనకు చేతనైన పని కాదిది. పెళ్ళైన ఇన్నాళ్ళకు మొదటిసారి.

"ఏమే. ఆ వరస చెరిపింది నువ్వా?"

నిద్రపోయిందేమోననుకున్నాడు.

"తప్పే" అంది చివరికి. "దేవుడు క్షమిస్తాడనే నమ్మకం ఉంది. పెద్దల సంగతే తెలీదు."

ఆయన ఇంకో చిక్కు అందుకున్నాడు.

"చెరిపితే పోయేది కాదని తెలుసు" అంది ఆవిడ, మధ్య మధ్య ఆగుతూ. "రాసింది నిజమనీ తెలుసు. కానీ రోజూ నీ గురించి అలా రాసి ఉన్నదాని ముందు వంగి నేల తుడవాలి కదయ్యా. చేయి ఊరుకునేది కాదు."

దువ్వెన ఆగింది. ఆ వరస రాసినప్పటి నుంచి మనసులో కూడబెట్టుకున్న మాట బయటికి తెచ్చాడు.

"పాస్టరుగారు ఇంకా వెళ్ళలేదు. పిలుస్తాను. నీ ఎదురుగానే చెప్పేస్తాను, నమ్మానని."

ఆవిడ తల తిప్పి ఆయన్ని చూడబోయింది, మెడ తిరగలేదు. చేయి వెనక్కి చాపి ఆయన మోకాలు పట్టుకుంది.

"నమ్మే చెబుతున్నావా?"

ఒక్క అవును చాలు. ఆవిడ జీవితమంతా ఎదురుచూసిన మాట, నాలుక చివరనే ఉంది.

"నీ కోసం" అన్నాడు.

"అయితే వద్దు." ఆ చేయి మోకాలి మీద కాసేపు అలాగే ఉంది. "నా కోసం చెబితే అది కూడా నువ్వు రాసే బోర్డే అవుతుంది. నాకొద్దు. నువ్వు నోటితో ఎప్పుడూ అబద్ధం ఆడలేదు. ఇప్పుడు ఆడకు."

"మరి నువ్వు ఏం చేస్తావే అక్కడ, ఒక్కదానివే?"

"అడుగుతాను" అంది ఆవిడ. "ఇక్కడి నుంచి అడిగీ అడిగీ అలిసిపోయాను. అక్కడికి వెళ్ళి ఎదురుగా నిలబడి అడుగుతాను. దువ్వు, ఆపకు."

దువ్వాడు. చిక్కంతా తీసి మూడు పాయలు చేశాడు. ఏది దేని మీదికి వేయాలో తెలియక ఒకటికి రెండుసార్లు విప్పి అల్లాడు. వంకరగా, లావు ఒకచోట సన్నం ఒకచోట, ఒక జడ లాంటిది తయారైంది. "బాగా రాలేదే" అన్నాడు. ఆవిడ ఏదో అంటుందని ఆగాడు. మోకాలి మీది చేయి ఎప్పుడు జారిందో ఆయన చూడలేదు. ఛాతీకి ఆనిన బరువు మాత్రం అలాగే ఉంది, అందుకే చాలాసేపు కదల్లేదు.

తరువాత ఆమెను పడుకోబెట్టి, గుమ్మం దాకా వెళ్ళి పాస్టరును పిలిచాడు. పాస్టరు వచ్చి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తక్కువ మాటలతో ప్రార్థన చేశాడు. ఆర్టిస్టు అలవాటు లేని చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాడు. చివర్లో ఆమేన్ అనబోయాడు, నోరు రాలేదు. పాస్టరు కళ్ళు తుడుచుకుంటూ పెద్దలకు చెప్పడానికి బయటికి వెళ్ళాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. ఆయన వంగి, ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, "అడిగావా?" అన్నాడు. జవాబు కోసం నిజంగానే కాసేపు ఆగాడు.

దిండు పక్కన దువ్వెన పడి ఉంది. పళ్ళలో కొన్ని తెల్లవెంట్రుకలు, పిడి మీద ఇంకా ఆరని నీలం వేలిముద్ర.