బోర్డు మాత్రం తెలుగులోనే

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మా అవ్వ సామెత చెప్పేది. చిన్నప్పుడు విని నవ్వేదాన్ని. సూరత్‌కు కాపురానికొచ్చాక ఆ సామెతను కళ్లారా చూశాను. ఇక్కడి మా పద్మశాలి సమాజానికి పెద్ద నిజంగానే సోమలింగం. నాకు బావ వరస, మా ఆయన ముత్యానికి పెద్దనాన్న కొడుకు. ముత్యం మగ్గాలు నడిపే కార్ఖానా కూడా ఆయనదే. ఇంట్లో బావ, పనిలో సేఠ్, కులంలో పెద్దమనిషి. ఒక్క మనిషికి ఇన్ని పెత్తనాలిస్తే ఏమవుతుందో చెప్తాను, వినండి.

మా బస్తీలో తెలుగు బడి ఒకటుంది. సర్కారు బడే. పొద్దున ఆ గదుల్లో మరాఠీ పిల్లలు చదువుకుంటారు. వాళ్లు వెళ్లాక మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా మా పిల్లలు. ఎనిమిదో తరగతితో అక్కడ తెలుగు అయిపోతుంది. తర్వాత మగపిల్లలు కార్ఖానాకు పోతారు, ఆడపిల్లలు ఇంట్లో కూర్చుని, మూటల్లో వచ్చే చీరలకు తళుకు రాళ్లు అతికిస్తారు. నేను చేసేదీ అదే పని. జిగురు వాసనకు తల పగిలిపోతుంది, కళ్లు మనకంటే ముందే ముసలివైపోతాయి. నా కూతురు నిఖిత చేతికి ఆ జిగురు డబ్బా రాకూడదని నేను మొక్కని దేవుడు లేడు.

దేవుడు విన్నాడో ఏమో, పిల్లకు మంచి కాళ్లిచ్చాడు. బడి వెనక మట్టి మైదానంలో ప్రసన్న టీచర్ ఆడపిల్లలకు ఖోఖో నేర్పేది. ఆమె చెప్పాల్సింది లెక్కలు. ఆటల టీచరు మా బడి మొహం ఎన్నడూ చూడలేదు. ముత్యం కార్ఖానాలో మూలన పడ్డ పాత మగ్గాల దూలాలు రెండు మోసుకొచ్చి మైదానం ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి పాతాడు. అవే ఖోఖో స్తంభాలు. రోజూ పొద్దున్నే, మరాఠీ బడి గంట కొట్టకముందే, ఆడపిల్లలంతా చెప్పులు గట్టున విడిచి ఆడేవాళ్లు. మా నిఖిత స్తంభం దగ్గర బొటనవేలు మట్టిలో నాటి గిర్రున తిరిగిందంటే, తరుముతున్న పిల్ల అటే పోయేది, ఇది ఇటు వచ్చి నవ్వుతూ నిలబడేది.

"ఎనిమిదో తరగతి పిల్లలను సర్కారు ఆటల హాస్టల్‌కు తీస్కుంటరు పద్మక్కా. పన్నెండు దాకా తిండి, చదువు అంతా ఆడనే. మన దాంట్ల నిఖిత పోకుంటే ఇంకెవరు పోతరు?" అంది ప్రసన్న టీచర్. ఆ మాట పట్టుకునే నేను బతికాను. రాయి అతికించినప్పుడల్లా పిల్ల హాస్టల్ మంచం మీద పుస్తకం పట్టుకుని కూర్చున్నట్టు కనిపించేది.

అప్పుడొచ్చింది ఆ ప్లాను. మా మైదానంలో పెద్ద హాలు కడతారట. డబ్బు హజీరాలో ఒక కంపెనీది, స్థలం బడిది, నడిపేది నగరం. బడి వేళల్లో బడి పిల్లలకు, మిగతా వేళల్లో ఊరందరికీ. ఆటలకూ అదే, ఫంక్షన్లకూ అదే. హాలు ఎలా ఉంటుందో గీసిన రంగుల బొమ్మ పట్టుకుని కంపెనీ ఇంజనీరు లక్ష్మీకాంత్, తపతి నది అవతల డబ్బున్నవాళ్లుండే అడాజన్ నుంచి కార్లో వచ్చాడు. ఆంధ్రా ఆయన. తెలుగువాడు కదా, మన మేలు చూస్తాడులే అని అందరం సంబరపడ్డాం.

బళ్లో మీటింగ్ పెట్టారు. తల్లిదండ్రుల కమిటీలో నేనూ ఒక మెంబరును కాబట్టి నాకూ ఒక కుర్చీ దొరికింది. నగరం తరఫున ఒక గుజరాతీ సాహెబ్ వచ్చి, మీకేం కావాలో చెప్పండి, రాసుకుంటాను అన్నాడు. అడగడమే పాపం, మా బావ లేచాడు.

"హాలుకు మా కుల మూలపురుషుడు మార్కండేయ మహర్షి పేరు పెట్టాలె. గా పేరు లేకుంటే మా సమాజ్ ఒప్పది."

వెంటనే అవతలి వర్గం ఆగయ్య లేచాడు. "మార్కండేయుని పేరు మంచిదే. గని ఈడ సమాజ్ పెట్టింది మా నాయిన. ఆయన పేరు కింద రాయకుంటే ఎట్ల?"

"కిందెందుకు, మీదనే రాపియ్యి! మార్కండేయుని నెత్తి మీద కూసోబెట్టు మీ నాయినను!"

ఇక చూడండి. ఎవరి పేరు ముందు, ఎవరి పేరు తర్వాత, తెలుగు అక్షరాలు గుజరాతీ కంటే పెద్దగా ఉండాలా, సమానంగా ఉండాలా. పునాది రాయి పడలేదు, నామకరణానికి కొట్లాట. చాయ్ చల్లారింది, మళ్లీ చాయ్ వచ్చింది. సాహెబ్ గడియారం చూసుకుంటున్నాడు. ప్రసన్న టీచర్ నోరు తెరవబోతే హెడ్మాస్టరు ఆమెను బిస్కెట్లు తెమ్మని పంపించాడు. నాకు ఒళ్లు మండిపోయి లేచి నిలబడ్డాను.

"సాహెబ్, బడి వేళ అంటే ఏ వేళ?" అని హిందీలో అడిగాను.

"మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా, బెహన్. ఆ టైములో హాలు పూర్తిగా మీ పిల్లలదే. ఎవ్వరూ అడుగు పెట్టరు."

"ఆ టైములో మా పిల్లలు క్లాసులో ఉంటారు సాహెబ్. వాళ్లు ఆడుకునేది పొద్దున. పొద్దున మాకు గంటసేపు రాయండి."

అబద్ధమెందుకు, ఆ మనిషి మంచివాడే. ఒక్క క్షణం ఆలోచించి పెన్ను మూత తీశాడు. "ఈ మాట నాకెవరూ చెప్పలేదే. రాయమంటారా? మీ సమాజ్ ఏమంటుంది?" అని మా పెద్దల వైపు తిరిగాడు.

మా వాళ్ల పద్ధతి ఒకటుంది. లోపల జుట్లు పట్టుకుని కొట్టుకున్నా, బయటివాళ్ల ముందు సమాజ్‌కు ఒక్కటే నోరు. ఆ నోరు పెద్దమనిషిది. ఆయన ఒకటి అడుగుతుండగా అదే సమాజ్ మనిషి ఇంకొకటి అడిగితే పరువు పోయినట్టే. అందులోనూ ఆడది, అందులోనూ తమ్ముడి పెళ్లాం. బావ మొహం జేగురు రంగుకు తిరిగింది.

"సాహెబ్, ఆమె మాట విడిచిపెట్టుండ్రి. మాకు పేరొక్కటి ఇయ్యిండ్రి, ఇంకేం వద్దు" అన్నాడు హిందీలో. అప్పటిదాకా గొంతు చించుకున్న ఆగయ్య కూడా "అవునవును, పేరే ముఖ్యం" అని తలూపాడు. నన్ను కూర్చోబెట్టడానికి మాత్రం ఇద్దరికీ జత కుదిరింది.

లక్ష్మీకాంత్ నా వైపు వంగి మెల్లగా అన్నాడు, "చూడండమ్మా, ఇలాంటి చిన్న విషయాలు తర్వాత సర్దుకోవచ్చు. ముందు పెద్ద పని కానివ్వండి."

నేను ముత్యం వైపు చూశాను. గుమ్మం దగ్గర నిలబడి తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. సాహెబ్ పెన్ను మూత పెట్టేశాడు.

ఇంటికొచ్చాక అడిగాను, "నోట్లె మన్ను వోసుకున్నవా?"

"అన్న ముంగట ఏమంటనే? రేపు మగ్గం ఇయ్యకుంటే ఏం తింటం?"

"మీ అన్నకు పేరు గావాలె. నా బిడ్డకు జర నేల గావాలె. ఏది పెద్దదయ్యా?"

ముత్యం పళ్లెం ముందు కూర్చున్నాడు గానీ తినలేదు. జాలి పడే ఓపిక నాకు లేకపోయింది.

హాలు లేచింది. ముత్యం పాతిన స్తంభాలు పీకి గోడవతల పారేశారు. ప్రారంభం రోజు శాలువాలు కప్పుకున్నారు, దండలు మార్చుకున్నారు. గేటు మీద బోర్డు తెలుగులోనే పెట్టారు, అక్షరాలు దూరానికి కూడా కనిపించేంత పెద్దవి. మార్కండేయుడు పైన, ఆగయ్య తండ్రి కింద, 'తెలంగాణ పద్మశాలి సమాజ్' అని మధ్యలో. గుజరాతీ చిన్నగా కింద మూలకు. బావ కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

మర్నాటి నుంచే తెలిసొచ్చింది. పొద్దున తపతి అవతలి నుంచి కార్లలో వచ్చి బ్యాడ్మింటన్ ఆడేవాళ్లు. సాయంత్రం ఇంకెవరో. మధ్యాహ్నమంతా హాలుకు తాళం, గోడకు ఇవతల మా పిల్లలు ఎక్కాలు వల్లిస్తుండేవాళ్లు. ఒకరోజు ప్రసన్న టీచర్ క్లాసు ఆపి పిల్లలను తీసుకెళ్తే, గేటు దగ్గర వాచ్‌మన్ కాళ్లు చూశాడు. బూట్లు లేకుండా ఆ నేల మీద నడవకూడదట. సిలబస్ ఎవడు పూర్తి చేస్తాడని ఇటు హెడ్మాస్టరు కేకలేశాడు.

ఇక గల్లీయే గతి. చీరల మూటలతో టెంపోలు తిరుగుతుంటే మధ్యలో పిల్లలు ఆడేవాళ్లు. నిఖిత కరెంటు స్తంభం చుట్టూ తిరగడం ప్రాక్టీసు చేసేది. రెండో స్తంభం ఏదే అని నేనడిగితే, ఉందని అనుకోవడమే అనేది.

బతుకమ్మ వచ్చింది. చివరి రోజు, సద్దుల నాడు, హాలు ఇమ్మని బావ స్వయంగా వెళ్లి అడిగాడు. నవరాత్రులంతా గర్బాకు ముందే బుక్ అయిపోయింది, వచ్చే ఏడాదికి ఆన్‌లైన్‌లో చూసుకోండి అన్నారు. బోర్డు మీద పేరు మా సమాజ్‌దే అని చెప్పుకున్నాడట కూడా. మేం మురుగు మోరీ పక్కన గల్లీలో పేర్చిన బతుకమ్మలు పెట్టుకుని ఆడాం. బావ ఆ రోజు బయటికి రాలేదు. అప్పుడైనా బుద్ధొచ్చిందనుకున్నాను. నా పిచ్చి గానీ.

హాస్టల్ ఎంపిక ఎక్కడ పెట్టారో తెలుసా? ఆ హాల్లోనే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేల మీద మ్యాట్లు పరిచారు, బూట్లు తప్పనిసరి అన్నారు. పక్కింటి ప్రమీల కొడుకు బూట్లు అడిగి తెచ్చాను. వదులుగా ఉంటే ముందు గుడ్డ కుక్కాను. ఎనిమిదేళ్లు ఆ మట్టిలో పెరిగిన పిల్ల, అదే చోటికి మొదటిసారి వచ్చినదానిలా నాలుగు దిక్కులూ చూస్తూ లోపలికి వెళ్లింది.

మొదట్లో బాగానే పరుగెత్తింది. ప్రసన్న టీచర్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. స్తంభం దగ్గరికొచ్చి అలవాటుగా వేలు నాటి తిరగబోయింది. నాటడానికి మట్టేది? బూటు అక్కడే ఆగింది, కాలు లోపల జారింది, పిల్ల వెల్లకిలా పడింది. తరిమే పిల్ల వచ్చి వీపు తట్టింది. ఔట్. రెండోసారి బూట్లు విప్పేసి నిలబడితే విజిల్ ఊది, వేసుకో అన్నారు. వేసుకుంది. ఆ తర్వాత నా కూతురు పరుగెత్తలేదు, తడి బండల మీద ముసలమ్మ నడిచినట్టు నడిచింది. చివర్లో పేర్లు చదివారు. మా బడి పిల్లలవి ఒక్కటీ లేదు.

ముఖ్య అతిథి ఎవరనుకున్నారు? మా బావే. శాలువా కప్పుకుని ముందు వరసలో కూర్చున్నాడు. నేను పిల్లను పట్టుకుని పోతుంటే పిలిచి, ఎంతో ప్రేమగా అన్నాడు, "పిల్లకు బూట్ల అలవాటు లేనట్టుంది పద్మా. జర ఈడ ప్రాక్టీస్ చేపిస్తే అయిపోవు గద."

నేను అక్కడే ఆగి అందరూ వినేలా అడిగాను.

"ఎప్పుడు చేపియ్యాలె బావా? ఎక్కాలు చదివేటప్పుడా? పొద్దున గంటసేపు రాస్తనని ఆ సాహెబ్ పెన్ను దీసిండు. వద్దన్నది ఎవలు? సమాజ్‌కు ఒక్కటే నోరంటివి గద, ఆ నోటితోని ఇప్పుడు చెప్పు! నా బిడ్డ బతుకు దిని బోర్డు గట్టుకున్నవ్!"

హాలంతా తిరిగి చూసింది. బావ శాలువా సర్దుకుని, "ఇంట్ల మాట్లాడుదాం, నలుగుట్ల పరువు తియ్యకు" అన్నాడు. ఇప్పటికీ పరువే. ముత్యం వచ్చి కింద కూర్చుని పిల్ల బూట్ల లేసులు విప్పాడు.  నేను పిల్ల చెయ్యి పట్టుకుని గేటు వైపు నడిచాను.

బయట బస్సు ఆగి ఉంది. పల్సానా అనే ఊరి నుంచి వచ్చిన ఒక పిల్ల ఎంపికైంది, తోటివాళ్లు దాన్ని ఎత్తుకుని గంతులేస్తున్నారు. ఆ పిల్ల బస్సెక్కబోతూ బోర్డు వైపు చూసి, పక్కన వట్టి కాళ్లతో నిలబడ్డ నిఖితను హిందీలో అడిగింది, ఇదేం భాష, ఏం రాసుందని.

నిఖిత తలెత్తి ఒక్కో పేరూ చదివి చెప్పింది. చివరికి, "హమారా నామ్ హై" అంది. మా పేరే అని.

"అరే, అయితే హాలు మీదేనా! రోజూ ఇక్కడే ఆడతావా?"

"లేదు. ఈ రోజే లోపలికి వచ్చాను" అంది నా కూతురు.

ఆ పిల్లకు అర్థం కాలేదు. బస్సులోంచి ఎవరో పిలిస్తే ఎక్కి కూర్చుంది. నిఖిత కుంటుకుంటూ నా దగ్గరికొచ్చి, ప్రమీలక్క బూట్లు ఇచ్చేసి వద్దాం పద అంది. దారిలో అడిగింది, రేపు చీరల మూట ఎన్నింటికి వస్తుందమ్మా అని.