పాలల్లో కలిపిన మాత్ర

రిపోర్టు చూసి డాక్టరమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది. "వైరస్ జాడే లేదు!" అంది. తమ్ముడి పక్కన కూర్చున్న అక్కకి మాత్రం గుండె గుభేలుమంది.

ఎందుకనదు మరి! తమ్ముడి రక్తకణాలు బయటికి తీసి, వాటి జన్యువుల్లో ఓ ముక్క కత్తిరించి, మళ్ళీ ఒంట్లోకి ఎక్కించారు. ఇక ఆ కణాల్లో హెచ్ఐవీ ఆటలు సాగవట, పిల్లలు పెట్టడం దానివల్ల కాదట. అది నిజమో కాదో తేలాలంటే రోజూ వేసుకునే మాత్రలు ఆపాలి. టైలరు పని చేసుకునే తమ్ముడు బుద్ధిగా ఆపేశాడు. ఆపనిది అక్క. అమ్మ పోయాక చంకనేసుకుని పెంచిన వాడాయె, తిరగబెడుతుందో లేదో చూద్దామంటే ఏ అక్క చూస్తూ ఊరుకుంటుంది? మిగిలిన మాత్రలు నూరి, ఇంత పంచదార దట్టించి, పొద్దున్నే పాలల్లో కలిపి ఇస్తూ వచ్చింది.

"రేపటినుంచి ఈవిడకీ మాత్రలు ఆపేస్తున్నాం" అంది డాక్టరమ్మ, ఇదే వైద్యం చేయించుకుని తలుపు దగ్గర నిలబడ్డ చంటిపిల్ల తల్లిని చూపిస్తూ.

"మీకు నయమైందంటే నాకూ ధైర్యం వచ్చిందన్నా" అందా తల్లి తమ్ముడితో.

అక్క తమ్ముడి వైపు ఒకసారి, ఆ తల్లి వైపు ఒకసారి చూసింది. చెబితే తమ్ముడి పరువు గంగలో కలుస్తుంది. చెప్పకపోతే ఈ తల్లి గతేం కాను?

"వద్దమ్మా, ఆపకు!" అని గట్టిగా అరిచేసింది. ఆపైన ఏడుస్తూ పాల సంగతంతా కక్కేసింది.

డాక్టరమ్మ మొహం మాడిపోయింది. "ఎంత పని చేశారండీ! ఇన్నాళ్ళ కష్టం..."

"అక్కనేం అనకండి" అన్నాడు తమ్ముడు తల దించుకుని. "పాలు చేదుగా ఉన్నాయని మొదటిరోజే తెలిసింది నాకు. తెలిసే తాగాను. భయమేసింది."

"ఓరి నీ దుంప తెగ!" అంది అక్క. నవ్వాలో వీపు మీద ఒక్కటిచ్చుకోవాలో తెలియలేదు ఆవిడకి.

చంటిపిల్ల తల్లి బిడ్డని గుండెకి హత్తుకుని, ఓ అడుగు వెనక్కి వేసింది. అది చూశాడు తమ్ముడు.

"ఆవిణ్ణి అప్పుడే మాత్రలు ఆపొద్దనండి డాక్టరమ్మా. ముందు నేనే ఆపుతాను, ఈసారి నిజంగా" అన్నాడు. అక్క వైపు తిరిగి, "రేపట్నుంచి నా పాలు నేనే కాచుకుంటానే" అన్నాడు.

 అక్క వాడి చెయ్యి పట్టుకుని, సరేనని తలూపింది.